అమెరికాలో జింకను వేటాడాక ఫోన్‌లో రిజిస్టర్ చేయాల్సిందే! ఈ సిస్టమ్ ఎలా పనిచేస్తుందంటే..

రైలు టికెట్ బుక్ చేస్తే పీఎన్ఆర్ వస్తుంది. గ్యాస్ సిలిండర్ బుక్ చేస్తే రిఫరెన్స్ నంబర్ వస్తుంది. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో జింకను వేటాడినా ఇలాగే ఒక కన్ఫర్మేషన్ నంబర్ తీసుకోవాలి. గడువులోగా ఆ నంబర్ తీసుకోకపోతే లైసెన్స్ ఉన్న హంటర్ కూడా చట్టం దృష్టిలో తప్పు చేసినట్టే. దీన్నే అక్కడ హార్వెస్ట్ రిపోర్టింగ్ అని, గేమ్ చెక్ అని అంటారు.

వేట మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. టెక్నాలజీ వైపు నుంచి చూస్తే మాత్రం ఇది చాలా ఆసక్తికరమైన సిస్టమ్. సిగ్నల్ సరిగా అందని అడవుల నుంచి, లక్షల మంది, కొద్ది రోజుల వ్యవధిలో, తమంతట తామే డేటా ఎంటర్ చేస్తారు. వచ్చే ఏడాది ఎన్ని జింకల్ని వేటాడనివ్వాలి అనే లెక్కకి ఈ డేటానే ఆధారం. ఇది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ బలంగా ఉంది, ఎక్కడ లూజ్‌గా ఉంది అనేది వివరంగా చూద్దాం.

ముందుగా ఒక క్లారిటీ. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో లైసెన్స్‌తో జరిగే వేట గురించే.

అసలు ఈ లెక్క ఎందుకు?

అమెరికాలో ఎక్కువగా వేటాడేది వైట్‌టెయిల్, అంటే తెల్లతోక జింకని. విచ్చలవిడి వేట వల్ల 1900 నాటికి ఇవి చాలా ప్రాంతాల్లో దాదాపు కనుమరుగయ్యాయి. తర్వాత కఠినమైన రూల్స్ వచ్చాయి, సంఖ్య మళ్లీ పెరిగింది. ఇప్పుడు చాలా చోట్ల సమస్య తిరగబడింది. తోడేళ్ల లాంటి వేట జంతువులు లేని ప్రాంతాల్లో జింకలు మరీ ఎక్కువై పంటలు తినేస్తున్నాయి, రోడ్ల మీద కార్లకి అడ్డం పడుతున్నాయి.

అందుకే ప్రతి రాష్ట్రంలోని వన్యప్రాణి శాఖ ఏ ప్రాంతంలో ఎన్ని జింకల్ని వేటాడొచ్చో ముందే నిర్ణయిస్తుంది. ఒక ట్యాగ్‌కి ఒక్క జింక. ఇందులో ఆడ జింకల లెక్క చాలా కీలకం. ఒక మగ జింక చాలా ఆడ జింకలతో జత కడుతుంది కాబట్టి మగవి కొన్ని తగ్గినా వచ్చే ఏడాది పుట్టే పిల్లల సంఖ్య పెద్దగా మారదు. ఆడవి తగ్గితే మాత్రం వెంటనే మారుతుంది.

అడవిలోకి వెళ్లి జింకల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం కుదిరే పని కాదు. అందుకే ఎన్ని మగవి, ఎన్ని ఆడవి, ఎన్ని పిల్లలు, ఏ కౌంటీలో దొరికాయి అనే హార్వెస్ట్ డేటా నుంచే మొత్తం సంఖ్యని అంచనా వేస్తారు. ఎంట్రీలో తప్పుంటే అంచనా తప్పుతుంది. అంచనా తప్పితే వచ్చే ఏడాది కోటా కూడా తప్పుతుంది.

యాప్ రాకముందు పెట్రోల్ బంకే ఆఫీసు

విస్కాన్సిన్ రాష్ట్రాన్నే తీసుకుందాం. అక్కడ తుపాకీ సీజన్ 9 రోజులే. నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు వచ్చే శనివారం మొదలవుతుంది. ఆ కొద్ది రోజుల కోసం 5 లక్షలకు పైగా లైసెన్సులు అమ్ముడవుతాయి.

2014 దాకా అక్కడ జింకని ట్రక్కులో వేసుకుని రిజిస్ట్రేషన్ స్టేషన్‌కి తీసుకెళ్లాల్సిందే. స్టేషన్ అంటే పెద్ద ఆఫీసేం కాదు. ఊళ్లోని పెట్రోల్ బంకో, బారో, వేట సామాన్లు అమ్మే షాపో. అక్కడి మనిషి జింకని చూసి, వివరాలు రాసుకుని, ఒక మెటల్ ట్యాగ్ తగిలించేవాడు. కొన్ని స్టేషన్లలో వన్యప్రాణి శాఖ సిబ్బంది కూడా ఉండేవాళ్లు. వాళ్లు జింక పళ్ల అరుగుదల చూసి వయసు చెప్పేవాళ్లు. ఊరి జనం కూడా ఎవరికి ఎంత పెద్ద జింక దొరికిందో చూద్దామని అక్కడే చేరేవాళ్లు.

2015లో గేమ్‌రెజ్ అనే సిస్టమ్ వచ్చింది. ఆన్‌లైన్‌లో గానీ, ఫోన్ కాల్ ద్వారా గానీ, లేదా స్టేషన్‌లో పెట్టిన కంప్యూటర్‌లో గానీ హంటర్ తనే రిజిస్టర్ చేసుకోవచ్చు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల కోసం ఈ మూడు దారులూ కొనసాగుతున్నాయి. కొత్త యాప్ రాగానే పాత దారి మూసేసే సర్వీసులు చాలానే చూశాం కాబట్టి ఇది గమనించాల్సిన విషయం.

రిజిస్ట్రేషన్ స్టెప్స్ ఇవీ

విస్కాన్సిన్‌లో ప్రాసెస్ ఇలా ఉంటుంది:

- లైసెన్స్‌తో వచ్చిన హార్వెస్ట్ ఆథరైజేషన్ నంబర్, పుట్టిన తేదీ ఎంటర్ చేయాలి. ఇదే లాగిన్ అనుకోండి.
- వేటాడిన తేదీ, కౌంటీ, మేనేజ్‌మెంట్ యూనిట్ ఎంచుకోవాలి.
- ఆ చోటు ప్రభుత్వ భూమా, ప్రైవేట్ భూమా చెప్పాలి.
- మగదా ఆడదా, పెద్దదా పిల్లా అనేది సెలెక్ట్ చేయాలి.
- తుపాకీనా, విల్లా, క్రాస్‌బోనా చెప్పాలి.
- చివర్లో కన్ఫర్మేషన్ నంబర్ వస్తుంది. రిజిస్టర్ చేసినట్టు అదే రుజువు.

గడువు: జింక దొరికిన మర్నాడు సాయంత్రం 5 గంటలు.

ఎంట్రీలు ఎంత తక్కువో చూశారుగా. బరువు, ఫొటో, టైమ్ లాంటివి అడగలేదు. చలిలో, చేతికి గ్లవ్స్ వేసుకుని, అలసిపోయి ఉన్న మనిషి నింపాల్సిన ఫారం ఇది. ప్రశ్నలు పెరిగే కొద్దీ సగంలో వదిలేసేవాళ్లు, ఏదో ఒకటి నొక్కేసేవాళ్లు పెరుగుతారు.

ఒక్కో రాష్ట్రానికి ఒక్కో గడువు

అమెరికాలో దేశం మొత్తానికి ఒకే యాప్, ఒకే రూల్ లేవు. కొన్ని ఉదాహరణలు:

- మిస్సోరి: వేటాడిన రోజే రాత్రి 10 లోపు. ఈ సిస్టమ్ పేరు టెలిచెక్. మాంసం కోయడానికి ముందు, రాష్ట్రం దాటడానికి ముందు కూడా ఇది అయిపోవాలి.
- ఒహాయో: మర్నాడు మధ్యాహ్నం 12 లోపు.
- జార్జియా: 24 గంటల్లోపు.
- అలబామా: 48 గంటల్లోపు.
- మిషిగన్: 72 గంటల్లోపు. మాంసం షాపుకి గానీ మరొకరికి గానీ ఇచ్చేలా ఉంటే అంతకంటే ముందే.
- పెన్సిల్వేనియా: 10 రోజుల్లోపు.

గడువు తక్కువగా ఉంటే రెండు లాభాలు. సీజన్ నడుస్తుండగానే శాఖకి లెక్క తెలుస్తుంది. పైగా హంటర్ మర్చిపోయే ఛాన్స్ తగ్గుతుంది. మిషిగన్ 2022లో ఆన్‌లైన్ రిపోర్టింగ్‌ని తప్పనిసరి చేసింది. అంతకు ముందు సీజన్ అయిపోయాక కొంతమంది హంటర్లకి పోస్టులో సర్వే పంపి, వాళ్ల జవాబుల నుంచి మొత్తం లెక్కని అంచనా వేసేవాళ్లు.

సిగ్నల్ లేకపోతే ఏం చేస్తారు?

గాడ్జెట్ ఫ్యాన్స్‌కి ముందు వచ్చే డౌట్ ఇదే. దీనికి టెక్సాస్ చూపించిన దారి బాగుంది. అక్కడ కొన్ని రకాల లైసెన్సుల్ని పూర్తిగా డిజిటల్‌గా తీసుకోవచ్చు. అప్పుడు జింకకి కట్టే పేపర్ ట్యాగ్ ఉండదు. టెక్సాస్ హంట్ అండ్ ఫిష్ యాప్‌లోనే ట్యాగ్ వాడాలి, అది కూడా జింక దొరికిన వెంటనే. నెట్ లేకపోయినా యాప్‌లో రిపోర్ట్ నింపొచ్చు. అది ఫోన్‌లో సేవ్ అయి ఉంటుంది, కనెక్షన్ దొరికాక సర్వర్‌కి వెళ్తుంది. ఆఫ్‌లైన్‌లో రాసిన మెయిల్ అవుట్‌బాక్స్‌లో ఆగి, నెట్ రాగానే వెళ్లినట్టన్నమాట.

ఇందులో ఒక రిస్క్ ఉంది. పేపర్ ట్యాగ్‌కి బ్యాటరీ అక్కర్లేదు. డిజిటల్ ట్యాగ్ ఉన్నవాడి ఫోన్ స్విచ్ఛాఫ్ అయితే గేమ్ వార్డెన్‌కి చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. గడ్డకట్టే చలిలో ఫోన్ బ్యాటరీ ఎంత త్వరగా డౌన్ అవుతుందో తెలిసిందే. ఈ లైసెన్స్ ఎంచుకున్నవాళ్లకి పవర్ బ్యాంక్ కూడా వేట సామానులో భాగమే.

లొకేషన్ ఎంతవరకు చెప్పాలి?

ఇక్కడ రెండు రాష్ట్రాలు రెండు రకాలుగా ఆలోచించాయి. విస్కాన్సిన్ కౌంటీ, యూనిట్ వరకే అడుగుతుంది. మిషిగన్ మ్యాప్ మీద పిన్ పెట్టమంటుంది.

పిన్ ఉంటే జబ్బు ఎక్కడ వ్యాపిస్తోంది, ఏ మూల జింకలు తగ్గుతున్నాయి అనేది బయాలజిస్టులకి బాగా తెలుస్తుంది. కానీ మంచి స్పాట్ అనేది హంటర్‌కి ఏళ్ల తరబడి కాపాడుకునే రహస్యం. అది బయటపడుతుందనే అనుమానం వస్తే కావాలనే పిన్‌ని నాలుగు మైళ్ల అవతల పెట్టేవాళ్లు ఉంటారు. అలాంటి తప్పు పిన్ కంటే కౌంటీ పేరు కరెక్ట్‌గా ఉండటమే నయం. ఎక్కువ డేటా అడిగితే మంచి డేటా వస్తుందని గ్యారంటీ లేదు. మన ఫోన్లలో ప్రతి యాప్‌కీ లొకేషన్ పర్మిషన్ ఇచ్చేటప్పుడు మనం ఆలోచించేదీ ఇలాంటి విషయమే.

ఎవరూ చూడట్లేదు, మరి నమ్మేదెలా?

ఈ సిస్టమ్‌లో అసలు ప్రశ్న ఇదే. స్టేషన్ ఉన్న రోజుల్లో జింకని రెండో మనిషి కళ్లతో చూసేవాడు. ఇప్పుడు హంటర్ నొక్కిందే రికార్డు. అతను ఆడ జింక అంటే ఆడ జింక. అసలు రిపోర్టే చేయకపోతే సర్వర్‌కి ఆ జింక ఉన్నట్టే తెలియదు. విస్కాన్సిన్‌లో 2017 నుంచి జింకకి పేపర్ ట్యాగ్ కట్టాలనే రూల్ కూడా తీసేశారు. దాంతో ఒకే ఆథరైజేషన్ మీద రెండో జింకని కొట్టేస్తే పట్టుకునేదెలా అనే ప్రశ్న మిగిలింది.

వార్డెన్ల తనిఖీలు, జరిమానాలు ఉన్నాయి. అయితే లెక్క సరిచేయడానికి పెన్సిల్వేనియా వాడే పద్ధతి ఇంకా తెలివైనది. అక్కడ రిపోర్ట్ చేయడం తప్పనిసరే అయినా చాలామంది చేయరు. ఆ విషయం శాఖకీ తెలుసు. అందుకే సిబ్బంది సీజన్‌లో మాంసం షాపులకి వెళ్లి వేల జింకల్ని స్వయంగా చూస్తారు. వాటి చెవులకున్న ట్యాగుల వివరాలు రాసుకుని, తర్వాత ఆ హంటర్లు రిపోర్ట్ చేశారా లేదా అని డేటాబేస్‌లో వెతుకుతారు.

ఉదాహరణకి సిబ్బంది చూసిన 1,000 జింకల్లో 400 మాత్రమే రిపోర్ట్ అయ్యాయనుకుందాం. అంటే రిపోర్టింగ్ రేటు 40 శాతం. మొత్తం రిపోర్టులు 40,000 వస్తే, నిజంగా వేటాడినవి సుమారు 1,00,000 అని లెక్క తేలుతుంది. అందరూ నిజం చెబుతారని నమ్మి కూర్చోకుండా, ఎంతమంది చెప్పట్లేదో కొలిచి దాన్ని లెక్కలో కలుపుతున్నారు. ఆడ, మగ, వయసు వివరాలు కూడా ఆ షాపుల్లోనే సరిచూస్తారు. ఒకప్పుడు స్టేషన్‌లో దొరికిన రెండో జత కళ్లు ఇప్పుడు మాంసం షాపులో దొరుకుతున్నాయి.

ఒక నంబర్, ఒక జబ్బు

రిజిస్ట్రేషన్ వల్ల హంటర్‌కి నేరుగా కలిగే లాభం కూడా ఉంది. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు జింకల మెదడుని దెబ్బతీస్తుంది. దీన్ని మొదట 1967లో కొలరాడోలో గుర్తించారు. విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది. ప్రయాన్లు అనే వికృతమైన ప్రొటీన్ల వల్ల ఇది వస్తుంది. వండినా ఈ ప్రయాన్లు నశించవు. మనుషులకి సోకినట్టు ఇప్పటిదాకా ఆధారం లేదు. అయినా జబ్బు ఉన్న జింక మాంసం తినొద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది.

చూడటానికి ఆరోగ్యంగా ఉన్న జింకలో కూడా ఇది ఉండొచ్చు. టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది. విస్కాన్సిన్‌లో సెల్ఫ్ సర్వీస్ కియోస్కులు ఉన్నాయి. హంటర్ జింక తలని అక్కడ పెట్టి, వివరాలు నింపి వెళ్లిపోతాడు. రిజల్ట్ తర్వాత ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. పాజిటివ్ వస్తే ఆ జింక ఎక్కడిదో రికార్డు ఉంటుంది కాబట్టి ఆ ప్రాంతం మీద నిఘా పెంచుతారు. లొకేషన్ తప్పుగా ఎంటర్ చేస్తే నిఘా కూడా తప్పు చోటికే వెళ్తుంది.

అక్కడున్న మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది

డల్లాస్, డెట్రాయిట్, అట్లాంటా పరిసరాల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. నవంబర్ వచ్చిందంటే ఆఫీసులో ఎవరో ఒక కొలీగ్ జింక మాంసం ఇస్తాననడం అక్కడ మామూలే. ఆ ప్రాంతంలో ఈ జబ్బు ఉంటే, టెస్ట్ రిజల్ట్ వచ్చిందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. వేటకి వెళ్లాలనుకుంటే ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ సైట్‌లో ఆ ఏడాది రూల్స్ చదవండి. గడువులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, రూల్స్ ఏటా మారొచ్చు. అధికారిక యాప్‌ని ఇంట్లో ఉండగానే ఇన్‌స్టాల్ చేసి లాగిన్ అవ్వండి. అడవిలోకి వెళ్లాక పాస్‌వర్డ్ గుర్తు రాకపోతే ఓటీపీకి కూడా సిగ్నల్ కావాలి.

మొత్తంగా చూస్తే ఈ సిస్టమ్‌లో టెక్నాలజీ సింపులే. కొద్దిపాటి ఫారం, ఒక గడువు, ఒక నంబర్. ట్రక్కులో జింకని వేసుకుని స్టేషన్ దాకా వెళ్లే శ్రమని ఫోన్ తప్పించింది, లెక్కని అదే రోజు సర్వర్‌కి చేర్చింది. కానీ స్క్రీన్ మీద నొక్కింది నిజమో కాదో ఫోన్‌కి తెలియదు. దాన్ని సరిచూడటానికి ఇప్పటికీ ఒక మనిషి మాంసం షాపుకి వెళ్లి, జింక చెవికున్న ట్యాగ్ చదవాల్సి వస్తోంది.