తుపాను వేళ ఫోను ఎందుకు మూగబోతుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి విద్యుత్ స్తంభాలు వేల సంఖ్యలో నేలకూలాయి. నగరం చీకటిపాలైంది, దాని వెనుకే ఫోన్లు కూడా మూగబోయాయి. ఆ తుపానుకు పేరు పెట్టిన దేశం ఒమన్. హుద్‌హుద్ అంటే కూకుడుగువ్వ. సబా రాజ్యపు వార్తను సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం)కు చేరవేసిన పక్షి అదేనని మన పిల్లలకు కూడా తెలుసు. వార్తలు మోసుకొచ్చిన పక్షి పేరు గల తుపానే వార్తలన్నిటినీ తెంచివేయడం విచిత్రం!

దుబాయిలోనో జిద్దాలోనో పనిచేసే కుమారుడు అటువంటి రాత్రి తల్లి నంబరును పదే పదే నొక్కుతూ కూర్చుంటాడు. ఇక్కడ తల్లి క్షేమంగానే ఉండవచ్చు, కానీ ఆ ఒక్క మాట అతనికి చేరవేసే దారి ఆమెకు ఉండదు. మన కుటుంబాలలో అనేకం గల్ఫ్‌కూ ఊరికీ మధ్య ఫోను మీదనే నడుస్తున్నాయి. కనుక ఈ విషయాన్ని ఇంజనీర్ల పనిగా వదిలివేయడం మనకు తగదు.

గాలికి టవర్లు కూలిపోవడం వల్లనే ఫోన్లు ఆగిపోతాయని చాలామంది భావిస్తారు. కొన్ని కూలుతాయి, కొన్నిటి యాంటెన్నాలు పక్కకు తిరిగిపోతాయి. అయితే చెక్కుచెదరకుండా నిలబడి ఉన్న టవరు కూడా విద్యుత్తు లేక మూగబోతుంది. కరెంటు పోగానే టవరు తన బ్యాటరీల మీద పనిచేస్తుంది. అవి కొన్ని గంటలలో ఖాళీ అవుతాయి. ఆ తరువాత డీజిల్ జనరేటరు ఉంటే అది నడవాలి. జనరేటరుకు డీజిల్ పోయాలంటే మనిషి అక్కడికి చేరాలి. దారి పొడవునా చెట్లు పడి ఉంటాయి, పెట్రోలు బంకులు మూతపడి ఉంటాయి. తుపాను దాటిన వెంటనే పలికిన ఫోను మరునాటికి పలకకపోవడానికి కారణం ఇదే. టవరుకు విద్యుత్తు ఉన్నప్పటికీ దానిని మిగతా ప్రపంచంతో కలిపే ఫైబరు తీగ తెగితే ప్రయోజనం లేదు. కూలిన చెట్లను తొలగించే యంత్రాలే ఒక్కోసారి ఆ తీగను తెంచుతాయి.

ఈ సందర్భంలో పాత ల్యాండ్‌లైను గురించి ఒక మాట చెప్పుకోవాలి. దానికి ఇంటి కరెంటుతో పని ఉండేది కాదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలోని పెద్ద బ్యాటరీల నుండి 48 వోల్టుల విద్యుత్తు ఆ రాగి తీగ గుండానే ఇంటికి వచ్చేది. ఊరంతా చీకటైనా, తీగ తెగనంతవరకు రిసీవరు ఎత్తితే శబ్దం వినిపించేది. నేడు ఇళ్లకు వస్తున్న ఫైబరు తీగ కాంతిని మోస్తుంది, విద్యుత్తును మోయదు. ఇంట్లో కరెంటు పోతే గోడకున్న పెట్టె ఆరిపోతుంది, దానితో వైఫై, దాని మీద ఆధారపడిన ఫోను కూడా. వేగం పెరిగింది, నిజమే. కానీ ఆపదకు తట్టుకునే గుణం ఒకటి మన చేతిలో నుండి జారిపోయిందని, దాని గురించి ఎవరూ మనకు చెప్పలేదని నా అభిప్రాయం.

టవరు ఎన్ని గంటలు పనిచేయాలన్నది కంపెనీల దయకు వదలవలసిన విషయం కాదు. అమెరికాలో 2005 నాటి కత్రినా తుపాను తరువాత, సెల్ టవర్లకు 8 గంటల బ్యాటరీ ఉండాలని అక్కడి కేంద్ర నియంత్రణ సంస్థ 2007లో నిబంధన చేసింది. కంపెనీలు న్యాయస్థానానికి వెళ్లాయి, చివరకు అది అమలులోకి రాలేదు. 2020లో కాలిఫోర్నియా రాష్ట్రం మాత్రం కార్చిచ్చు ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో 72 గంటల పాటు ప్రత్యామ్నాయ విద్యుత్తు ఉండాలని ఆదేశించింది. తుపాన్లు ఏటా పలకరించే మన కోస్తా ప్రజలు కూడా తమ ప్రతినిధులను ఇటువంటి లెక్కే అడగాలి: మా ఊరి టవరు కరెంటు లేకుండా ఎన్ని గంటలు పలుకుతుంది?

ఆ జవాబు వచ్చేవరకు ఇంట్లో చేసుకోగలిగినది కొంత ఉంది. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్న పవర్ బ్యాంకు, 5,000 ఎంఏహెచ్ ఫోనును రెండుసార్లు నింపుతుందని అనుకోవద్దు. వోల్టేజి మార్పులో కొంత నష్టం పోతుంది. ఒకసారి పూర్తిగా, రెండవసారి కొంతవరకు నిండుతుంది. ఇంటికి రెండు ఉంచుకోవడం మంచిది. హెచ్చరిక రాగానే వాటిని నింపి పెట్టాలి. సంకేతం బలహీనంగా ఉన్నచోట ఫోను టవరును వెదుకుతూనే తన బ్యాటరీని తాగివేస్తుంది. కాబట్టి ప్రమాదం దాటిన తరువాత దానిని ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, నిర్ణీత వేళల్లో మాత్రమే తెరవాలి. ఆ వేళలు ఏవి? మన ఇళ్లలో అయిదు నమాజు వేళలు అందరికీ తెలిసినవే. ప్రతి నమాజు తరువాత పది నిమిషాలు తెరుస్తామని, అది మన ఊరి సమయం ప్రకారమని గల్ఫ్‌లోని వారికి ముందే చెప్పి ఉంచితే, వారు రోజంతా నంబరు నొక్కనవసరం లేదు. హెచ్చరిక అమలులో ఉన్నంతసేపు మాత్రం ఫోను తెరిచే ఉండాలి. సైరన్ మోతతో వచ్చే ప్రభుత్వ హెచ్చరిక సందేశాలు ఏరోప్లేన్ మోడ్‌లో అందవు.

మాట కలవనప్పుడు ఎస్ఎమ్ఎస్ పంపండి. దానికి కావలసిన చోటు బహు స్వల్పం, దారి దొరికే వరకు నెట్‌వర్కులో వేచి ఉండి అయినా చేరుతుంది. "అందరం క్షేమం, మామయ్య ఇంట్లో ఉన్నాం" అన్నంత సందేశం చాలు. ప్రాణాపాయంలో 112కు ఫోను చేస్తే, సొంత కంపెనీ సంకేతం లేకపోయినా అందుబాటులో ఉన్న మరో కంపెనీ టవరు ద్వారా అది వెళ్లగలదు. విపత్తు ప్రాంతాలలో సాధారణ కాల్స్‌కు కూడా ప్రభుత్వ ఆదేశం మేరకు ఇటువంటి ఏర్పాటు చేస్తున్నారు. దానిని ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. సొంత నెట్‌వర్కు కనిపించనప్పుడు సెట్టింగులలోకి వెళ్లి మరొక నెట్‌వర్కును ఎంచుకుని చూడాలి. ఇది ఇంటిలో ఒకరికైనా తెలిసి ఉండాలి.

1995లో కోబె భూకంపం తరువాత జపాను వారు 171 అనే నంబరును ఏర్పాటు చేసుకున్నారు. విపత్తులో చిక్కినవారు అక్కడ తమ మాటను నమోదు చేస్తారు, బంధువులు దానిని వింటారు. అంత ఏర్పాటు లేకున్నా, ప్రతి కుటుంబం తుపాను తగలని దూరపు ఊరిలో ఒక బంధువును ఎంచుకోవచ్చు. విశాఖవారికి హైదరాబాదులోని పిన్ని అనుకోండి. అందరూ ఆమెకే కబురు పెడతారు, అందరూ ఆమెనే అడుగుతారు. అయితే ఆమె నంబరు ఎవరికి గుర్తుంది? మా మదరసాలో హిఫ్జ్ చేస్తున్న విద్యార్థులను తండ్రి ఫోను నంబరు చెప్పమంటే సగం మంది తడబడ్డారు. దివ్య ఖుర్ఆన్‌ను గుండెల్లో దాచుకునే పిల్లలకు పది అంకెలు భారమా? నాలుగు నంబర్లు కంఠస్థం చేయించాము. పెద్దలకు ఆ ఓపిక లేకపోతే కాగితం మీద రాసి ప్లాస్టిక్ సంచిలో ఉంచుకోవాలి.

ఇక మస్జిద్‌ల సంగతి. అజాన్ మైకు కోసం చాలాచోట్ల ఇన్వర్టరు ఉంటుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటి సగం వాడినా ముప్పైకి పైగా ఫోన్లు నిండుతాయి. ఒక సాధారణ సీలింగ్ ఫ్యాను గంటసేపు తిరిగే విద్యుత్తుతో సుమారు మూడు ఫోన్లు నింపవచ్చు. ఆ రెండు మూడు రోజులు ఫ్యాన్లు ఆపి, వీధిలో ఎవరు వచ్చినా, ఏ మతంవారైనా, ఫోను నింపుకోనివ్వాలి. ముందుగా రోగులకు, గర్భిణులకు, ఒంటరి వృద్ధులకు. ఈ విషయం వరద వచ్చాక చర్చించేది కాదు. మస్జిద్ కమిటీలు ఇప్పుడే తీర్మానం చేసి, తాళం ఎవరివద్ద ఉంటుందో, ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఎవరు తెస్తారో రాసుకోవాలి. మరొక మాట: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచినప్పుడు నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. నేల మీద పెట్టిన ఇన్వర్టరు అటువంటి వరదలో మొదటి గంటలోనే మునుగుతుంది. మీ మస్జిద్‌లో అది ఎక్కడ ఉందో ఈ శుక్రవారం ఒకసారి చూడండి. మెట్ల కింద ఉంటే మేడ మీదికి మార్పించండి.