ఇంటి పనిముట్లు

"గోటితో పోవుదానికి గొడ్డలి యేల?" అని పెద్దలందురు. కాని చిన్న పనికి తగిన చిన్న సాధనమైనను లేని యిండ్లు పెక్కు గలవు. అట్టి యింట తలుపుగడియ వదులైనచో నెలలతరబడి అట్లే యుండును. కుళాయి కారుచునే యుండును. సెకనుకొక బొట్టు చొప్పున కారినచో దినమునకు 86,400 బొట్లు పడును. సుమారు 20 బొట్లు ఒక మిల్లీలీటరు. అనగా దినమునకు 4 లీటర్లకు పైగా నీరు వ్యర్థమగుచున్నది. దీనిని నిలుపుటకు ఒక చిన్న వాషరును, ఒక స్క్రూ స్పానరును సాధారణముగా చాలును.

సామాన్య గృహమునకు ముందుగా వలసినది సుత్తి. ఒకవైపు చదునుగా నుండి, రెండవవైపు చీలిన కొమ్ములు గల సుత్తి మేలైనది. అది మేకును కొట్టుటకును, పెరుకుటకును ఉపయోగపడును. కొమ్ముల నడుమ మేకును చిక్కించి వంచునప్పుడు సుత్తి మీటవలె పనిచేయును. సుత్తి ఆనిన చోటినుండి మేకు 3 సెంటీమీటర్ల దూరమునను, మన చేయి 30 సెంటీమీటర్ల దూరమునను ఉన్నచో మన బలము పదిరెట్లగును. కావుననే పిడిని చివర పట్టుకొనవలెను.

పిదప తీగెలను వంచుటకు, కత్తిరించుటకు కటింగు ప్లేయరు, చీలికతలకును కూడికగుర్తు తలకును తగిన రెండు స్క్రూడ్రైవర్లు, 3 మీటర్ల టేపు, చిన్న చేతిరంపము, కరెంటు టెస్టరు వలయును.

వీనినన్నిటిని ఒక్కసారి కొననక్కరలేదు. మొదట సుత్తి, స్క్రూడ్రైవర్లు, ప్లేయరు కొని, తక్కినవానిని అవసరమును బట్టి కూర్చుకొనవచ్చును. ముప్పది వస్తువులున్న పెట్టెను చూచి మోసపోరాదు. వానిలో సగము ఎన్నడును చేతికి రావు. మరీ చౌక స్క్రూడ్రైవరు మొన త్వరలో అరిగి, స్క్రూతలను గూడ పాడుచేయును. సంతలో దొరకు పాత సుత్తితల గట్టిదైనచో, వడ్రంగిచే తుమ్మకఱ్ఱ పిడి వేయించుకొనుట లాభము. అయితే పిడి వదులుగా నుండరాదు. దెబ్బ వేయునప్పుడు తల ఊడి యెగిరినచో కన్ను పోవచ్చును.

విద్యుత్తు విషయమున మరింత జాగరూకత వలయును. మన యిండ్లలోని 230 వోల్టుల విద్యుత్తు ప్రాణము తీయగలదు. టెస్టరు వెలుగనంతమాత్రమున తీగెలో విద్యుత్తు లేదని నమ్మరాదు, టెస్టరే చెడియుండవచ్చును. ముందు పనిచేయుచున్న ప్లగ్గులో దానిని పరీక్షింపవలెను. మెయిన్ స్విచ్చి కట్టివేయక ఏ పనియు మొదలుపెట్టరాదు. బాలురు పెద్దలు లేనిదే ఈ పనికి పూనుకొనరాదు.

పని ముగిసిన వెంటనే పనిముట్లను పొడిగుడ్డతో తుడిచి, ఇనుపభాగములకు పలుచగా నూనె పూసి, ఒక పాత రేకుపెట్టెలో నుంచినచో తుప్పు పట్టవు. మనవారు ఏటేట దసరా పండుగనాడు పనిముట్లను కడిగి, బొట్టుపెట్టి పూజింతురు. ఆ గౌరవమును తక్కిన దినములందును చూపువాని యింట చిన్న లోపము పెద్ద వ్యయముగా పెరుగదు.