పొగలేని పొయ్యి



నేడు నేను ప్రసంగింపదలచినది వంటింటి విషయము. పంతులుగారు సంధులను, సమాసములను విడిచి పొయ్యిని పట్టుకొన్నారేమి యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని తర్కము చదువుకొన్నవారికి పొయ్యి క్రొత్త కాదు. పొగ యున్నచోట నిప్పుండునని బోధించునపుడు గురువులు చూపు మొదటి దృష్టాంతము వంటయిల్లే. మరి నిప్పున్నచోటనెల్ల పొగ యుండునా యని శిష్యుడు ప్రశ్నించినచో, ఉండనక్కరలేదు, ఎర్రగా కాలిన ఇనుపగుండును చూడుమని చెప్పుదురు. అందు నిప్పు కలదు, పొగ లేదు. పాఠములలోని ఆ ఇనుపగుండే నేడు విద్యుత్ పొయ్యి రూపమున మన వంటింటికి వచ్చినది.

పొగ లేకపోవుట దాని గుణము. దాని ప్రమాదము కూడ నదియే. కట్టెలపొయ్యి తానున్నానని పొగచేతను, వెలుగుచేతను, చిటపటధ్వనిచేతను చెప్పును. విద్యుత్తు తానున్న చోటును చెప్పదు. కావున పొగ చేయు హెచ్చరికను మన తెలివియే చేయవలయును. తక్కువ వెలలో ఇట్టి పొయ్యిని ఎట్లు చేయించుకొనవచ్చునో, ఎచట డబ్బు మిగిల్చుకొనవచ్చునో, ఎచట మిగిల్చుకొనరాదో చెప్పుటయే నా ఉద్దేశము.

మన గోదావరి డెల్టా అన్నమునకు పుట్టినిల్లే గాని వంటచెరకునకు కాదు. అడవి దూరము. కొబ్బరిమట్టలు, డొక్కలు, తాటాకులు, పిడకలు, ఊక, సరుగుడు కట్టెలు, ఇవి మన పొయ్యిలకు ఆధారము. శ్రావణ భాద్రపదములలో ఇవి యన్నియు తడిసి, మంటకంటె పొగయే ఎక్కువ యగును. ఆ పొగ ఆడువారి కన్నులకును ఊపిరితిత్తులకును చేయు హాని నేడు వైద్యులందరు అంగీకరించినదే. 1999లో మన రాష్ట్రమున దీపము పథకము వచ్చిన పిదప గ్యాసు చాల యిండ్లకు చేరినది. అయినను సిలిండరు అయిపోయిన నాడు, వృద్ధులకు వేడినీరు, పసిపిల్లలకు పాలు కావలసిన వేళ రెండవ పొయ్యి యొకటి ఉండుట మేలు.

ఈ విద్యుత్తు మనకు పరాయిది కాదు. 1852లో పూర్తియైన కాటన్ దొరగారి ధవళేశ్వరము ఆనకట్ట మన పొలములకు నీరిచ్చినది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము పని నారంభించినది. ఆ మాచ్‌ఖండ్ నదియే దిగువకు సీలేరై, శబరిలో కలియును. శబరి గోదావరిలో కలియును. కొండలపై చక్రములను త్రిప్పిన నీరే దిగివచ్చి మన చేలను తడుపుచున్నది.

ఇక సూత్రమునకు వత్తము. కాలువలో నీరు పారుటకు వాలు కావలయును. విద్యుత్తునకు ఆ వాలే వోల్టేజి. మన యిండ్లలో అది 230 వోల్టులు. పారు ప్రవాహమును ఆంపియరులలోను, దారిలోని అడ్డును ఓములలోను కొలుతురు. ఈ మూటికిగల సంబంధమును జర్మనీ దేశపు ఉపాధ్యాయుడు ఓమ్ 1827లో ప్రకటించెను. అడ్డుగల తీగలో ప్రవాహము పారునపుడు ఎంత వేడి పుట్టునో ఇంగ్లండు దేశీయుడు జౌల్ 1841లో నిరూపించెను. సూత్రము తెలిసినను చౌకయైన పొయ్యి వెంటనే రాలేదు. ఏలన, ఎర్రగా కాలినను త్రుప్పుపట్టక నిలుచు తీగ లేదు. ఇనుము ఆ వేడిలో పొలుసులు కట్టి రాలిపోవును. 1906లో అమెరికా దేశీయుడు మార్ష్ నికెలు, క్రోమియము కలిపిన లోహమునకు హక్కుపత్రము పొందెను. అదియే నైక్రోము. రాగికంటె అది విద్యుత్తునకు సుమారు అరువదిరెట్లు అడ్డు. కాలినపుడు దానిపై సన్నని పొర యేర్పడి, లోపలి లోహమును కాపాడును. మన కరెంటు పొయ్యిలోని కాయిలు ఈ లోహమే.

ఇప్పుడు లెక్క వేయుదము. మనకు 1000 వాట్టుల పొయ్యి కావలయుననుకొనుడు. 230ని 230చే గుణించి, 1000చే భాగించినచో దాదాపు 53 వచ్చును. అన్ని ఓముల తీగ కావలయునన్నమాట. అందు పారు ప్రవాహము నాలుగు ఆంపియరులకు కొంచెము పైన. అంగడిలో నైక్రోము తీగను నంబరునుబట్టి అమ్ముదురు. 24వ నంబరు తీగ అర మిల్లీమీటరుకంటె కొంచెము లావు. మీటరునకు సుమారు నాలుగున్నర ఓములు. కావున 53 ఓములకు పండ్రెండు మీటర్లకు కొంచెము తక్కువ పట్టును. 26వ నంబరు తీగ సన్నము. ఎనిమిది మీటర్లే చాలును. వెల తక్కువ, వేడి సమానము. మరి సన్నతీగయే మేలు గదా యని తోచును. కాదు. వేడిని బయటికి విడుచునది తీగయొక్క ఒంటిమీది చర్మము. సన్నతీగకు ఆ చర్మము లావుతీగ చర్మములో సగమునకు కొంచెము పైన మాత్రమే. అంత వేడియు అంత కొద్దిచోటునుండి పోవలసివచ్చుటచే అది మితిమీరి కాలి త్వరలో తెగును. నాలుగు రూపాయలు మిగిల్చి పొయ్యిని పోగొట్టుకొనుట యనగా నిదియే.

తెగిన కాయిలును అతుకుట మన ఊళ్ళలో సామాన్యము. కాలిన ముక్కను పారవేసి మిగిలినదానిని లాగి తగిలింతురు. తీగ తగ్గినది గనుక వేడియు తగ్గునని భ్రమ. వాస్తవము దీనికి విపరీతము. తీగ తగ్గిన అడ్డు తగ్గును, అడ్డు తగ్గిన ప్రవాహము హెచ్చును. అయిదవవంతు తీగ పోయినచో 1000 వాట్టుల పొయ్యి 1250 వాట్టులదగును. ఒక్కొక్క అంగుళము తీగపై పడు భారము ఒకటిన్నర రెట్లు దాటును. పొయ్యి చురుకుగా నున్నదని సంతసించులోపల తీగ మరల తెగును, లేదా ప్లగ్గు కరగును. తెగిన కాయిలును మార్చవలయును గాని కురుచ చేయరాదు.

పొయ్యి నిర్మాణము కష్టము కాదు. చుట్టలుగా గాడిచేసిన పింగాణీ పళ్ళెము అంగడిలో దొరకును. కుమ్మరిచేత చేయించిన మామూలు మట్టిపళ్ళెము పనికిరాదు. పాలు పొంగినపుడు అది తడిని పీల్చుకొని విద్యుత్తునకు దారి యిచ్చును, వేడికి పగులును. తీగను పెన్సిలు లావు కమ్మికి దగ్గరదగ్గరగా చుట్టి, ఆ చుట్టను సమముగా సాగదీసి, గాడిలో నమర్పవలయును. చుట్టలు ఒకదానినొకటి తాకరాదు. చివరలను ఇత్తడి మరలతో బిగింపవలయును. సీసముతో అతికినచో ఆ వేడికి కరగిపోవును. ఆ మరలు ఇనుపచట్రమునకు తగులకుండ పింగాణీ కనెక్టరులో నుండవలయును. లోపలి తీగలకు గాజునార తొడుగు గాని పింగాణీ పూసలు గాని వేయవలెను. పూర్వము ఇట్టిచోట ఆస్‌బెస్టాసు వాడెడివారు. దాని ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి చెరుపని తేలినది గనుక దానిని ముట్టరాదు. చట్రము మందపు ఇనుపరేకుతో మూడు కాళ్ళపై నిలిచి, అడుగున మరియొక రేకు గలదై యుండవలయును.

కాయిలు పైకి కనబడు పొయ్యి చౌక. కాని దానిని నేను మెచ్చను. కాయిలుకు అర అంగుళము పైగా చదునైన దళసరి ఇనుపపెనమును చట్రమునకు గట్టిగా బిగించి, గిన్నెను దానిపై నుంచుట మేలు. పెనము వేడెక్కుటకు మొదట నాలుగైదు నిమిషములు పోవునన్న మాట నిజమే. అయినను స్విచ్చి తీసిన పిదప ఆ వేడి పెనములోనే యుండి అన్నము ఉమ్మగిలుటకు పనికివచ్చును. పెనమునకును కాయిలుకును నడుమ అభ్రకపు రేకు వేసినచో మరింత మంచిది. నెల్లూరు సీమలోని గూడూరు ప్రాంతము అభ్రకమునకు ప్రసిద్ధి గదా. అది వేడిని సహించును, విద్యుత్తును దాటనీయదు.

ఇంతవరకు చెప్పినది పొయ్యి సంగతి. ప్రాణముల సంగతి యిక చెప్పెదను. మా ఊర నొక వృద్ధురాలు కాయిలు పైకి కనబడు పొయ్యిమీద పాలు కాచుచుండెను. కాయిలు జారి గిన్నెను తాకినది. ఆమె కొయ్యపీటపై కూర్చుండి గిన్నె అంచును పట్టుకొన్నంతసేపు ఏమియు తెలియలేదు. పాలు దింపుటకై లేచి, తడినేలపై కాలు మోపినంతనే ఒక్క ఊపున వెనుకకు పడిపోయినది. దైవానుగ్రహముచే బ్రతికినది. ఇంటివారు ముసలితనమును నిందించిరి, ఇరుగుపొరుగువారు పొయ్యిని నిందించిరి. ఎవరును సాకెట్టు విప్పి చూడలేదు. తెలిసిన పనివానిచే విప్పించి చూడగా పైనున్న మూడవ రంధ్రము వెనుక తీగయే లేదు.

ఆ మూడవ తీగ ఎర్తు, అనగా భూమితీగ. పొయ్యి యొక్క ఇనుపచట్రమును, పెనమును భూమికి కలుపుట దాని పని. ఆంపియరులో పదవవంతు ప్రవాహము గుండె లయను తప్పింపగలదు. మన పొయ్యి త్రాగునది దానికి నలువదిరెట్లు పైన. కాయిలు తెగి చట్రమును తాకినచో ఆ ప్రవాహము భూమితీగ యున్న దానిద్వారా పోవును, లేనిచో వంటచేయు ఇల్లాలి దేహముద్వారా పోవును. కొందరు పనివారు మూడవ రంధ్రమును న్యూట్రలు తీగకే కలిపి ఎర్తు ఇచ్చితిమందురు. ఇది మరింత కీడు. ఎచటనైన న్యూట్రలు తెగినపుడు పొయ్యి ఒడలంతయు విద్యుత్తు నిండును.

మన డెల్టా నేల ఈ విషయమున శత్రువును మిత్రమును గూడ. తడినేల పాదమునకు అపాయము. కాని పాతిన గొట్టమునకు అదియే బలము. ఇనుపగొట్టమును నిలువునా పాతి చుట్టును బొగ్గు, ఉప్పు నింపుట మనకు వాడుకయే. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు నేల ఎండును గనుక అప్పుడప్పుడు ఆ గుంటలో నీరు పోయవలయును. సముద్రతీరపు ఇసుకనేలలలో ఈ శ్రద్ధ మరింత అవసరము.

అయితే గొట్టమొక్కటియే చాలదు. దాని అడ్డు 20 ఓములనుకొన్నచో ప్రమాదవేళ దానిగుండ పోవు ప్రవాహము పదకొండున్నర ఆంపియరులు. 16 ఆంపియరుల ఫ్యూజు దీనికి కాలదు. చట్రము విషపూరితముగనే నిలిచియుండును. కావున ఆర్.సి.సి.బి. యని అంగడులలో పిలుచు సాధనమును ఇంటి మీటరు దగ్గర పెట్టింపవలయును. పోయిన ప్రవాహమంతయు తిరిగి రానిచో, 30 మిల్లీ ఆంపియరుల తేడాకే అది రెప్పపాటులో సరఫరాను ఆపును. పొయ్యికంటె దాని వెల హెచ్చు కావచ్చును. అయినను అది ఒక్క పొయ్యికే గాక ఇంటికంతటికి కాపలా. ఇంటి ఖర్చును నిర్ణయించు పెద్దలు మీరు గనుక ఈ మాట మీకే ప్రత్యేకముగా విన్నవించుచున్నాను.

వాడుకను గూర్చి రెండు మాటలు. ఈ పొయ్యి గంటసేపు వెలిగినచో ఒక యూనిట్టు. నష్టమే లేనిచో లీటరు నీరు ఐదు నిమిషములలో కాగును. పెనము ముందే వేడెక్కియున్నను వాస్తవమున ఎనిమిది పది నిమిషములు పట్టును. అడుగు చదునైన గిన్నె, దానిపై మూత, ఈ రెండును ఖర్చు లేని పొదుపులు. సాయంకాలము ఊరి చివరియిండ్లలో వోల్టేజి 200కు దిగినచో పొయ్యి ఇచ్చునది 750 వాట్టులే. అప్పుడు వేడి చాలలేదని కాయిలు కురుచ చేసినవాడు, రాత్రి వోల్టేజి పెరిగినపుడు దానిని కాల్చుకొనును.

కావున పొయ్యి కొనునపుడు గాని చేయించునపుడు గాని పెద్దలు స్వయముగా చూడవలసినవి ఇవి. కాయిలు పూర్తి నిడివి గలదై యుండవలయును. పెనము మూసియుండవలయును. త్రాడులో మూడు రాగితీగలు, ఒక్కొక్కటి ఒకటిన్నర చదరపు మిల్లీమీటరులది, ఉండవలయును. పెద్ద ప్లగ్గు, 16 ఆంపియరుల సాకెట్టు ఉండవలయును. మూడవ రంధ్రమునుండి గొట్టమువరకు తీగ ఎడతెగక యున్నదని లైసెన్సుగల పనివానిచే పరీక్షింపజేయవలయును. పెనము తుడుచుటకు ముందు స్విచ్చి తీయుట చాలదు, ప్లగ్గునే ఊడదీయవలయును. వంటచేయువారు తడికాళ్ళతో నిలువక, పొడి కొయ్యపీటపై నుండవలయును. మన పూర్వులు పీటను మర్యాదకై వేసిరి. నేడది రక్షణకును పనికివచ్చుచున్నది.

పళ్ళెమునకు, చట్రమునకు మీరు ఎంత తక్కువ వెచ్చించినను నాకు సమ్మతమే. భూమితీగకు మాత్రము లోభింపకుడు.