పిచ్చుక గూళ్ళకు ఢిల్లీ గీసిన గీత

న్యూఢిల్లీ:

ఆదివారం ఉదయం విశాఖ రామకృష్ణా బీచికి వెళ్ళే వారికి ఈ దృశ్యం సుపరిచితమే. తండ్రి పంట్లాము మోకాళ్ళ దాకా మడుచుకుని నీళ్ళలో నిలబడతాడు. తల్లి చిన్నవాడి రెక్క పట్టుకుని కెరటం ముందు నిలబెడుతుంది. వాడు భయంతో కేక వేసి, మరుక్షణం ఇంకొక కెరటం కావాలంటాడు. పెద్దపిల్ల తడి ఇసుకలోకి పాదం దూర్చి పిచ్చుక గూడు కడుతుంది. ఎండ ముదిరేలోగా అందరూ బస్సెక్కి ఇంటికి చేరతారు. బస్సు చార్జీలు, పిల్లలు తిన్న వేరుశెనగ కాయలు మినహా ఖర్చు లేదు. సామాన్య కుటుంబానికి ఇంత చవకగా దొరికే విహారం మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు.

సముద్రమే లేని ఢిల్లీకి ఈ ఉదయంతో సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. పిల్లలు ఆడుకునే ఇసుకకూ, దాని వెనుక లేవగల హోటలు ప్రహరీకీ నడుమ ఎంత దూరం ఉండాలో నిర్ణయించేది ఈ నగరమే.

1981 నవంబరులో ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఒక లేఖ రాశారు. పోటు సమయంలో నీరు చేరే గరిష్ఠ హద్దు నుంచి కనీసం 500 మీటర్ల వరకు తీరాన్ని ఖాళీగా ఉంచాలన్నది దాని సారాంశం. ఆ సూచనకు చట్టబలం చేకూరడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరి 19న తీర ప్రాంత నియంత్రణ ప్రకటన వెలువడింది. 500 మీటర్ల మేర నియంత్రణ వచ్చింది. గ్రామీణ తీరాల్లో మొదటి 200 మీటర్లలో కొత్త నిర్మాణాలను నిషేధించారు.

ఆనాటి నుంచి ఆ గీత స్థిరంగా నిలవలేదు. 2011లో కొత్త ప్రకటన, 2019 జనవరిలో మరొకటి వచ్చాయి. జనసాంద్రత అధికంగా ఉన్న గ్రామీణ తీరాల్లో నిషేధ పరిధి 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గింది. తాత్కాలిక పర్యాటక వసతులకు పోటు హద్దు నుంచి 10 మీటర్ల దూరం చాలునన్నారు. పాత నిబంధనలు మత్స్యకారుల ఇళ్ళకు అడ్డుపడ్డాయన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే జాలరి గుడిసె పేరుతో తెరిచిన తలుపులోంచి విలాస గృహాలు ప్రవేశించవన్న హామీ ఏదీ?

సముద్ర తీరం ప్రజల ఉమ్మడి ఆస్తి అనీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అనీ సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో బియాస్ నది కేసు తీర్పు సందర్భంగా స్పష్టం చేసింది. ధర్మకర్త ద్వారం దగ్గర టిక్కెట్లు అమ్మవచ్చునా? 2023 జూలైలో రుషికొండ బీచికి మనిషికి 20 రూపాయల రుసుము ప్రతిపాదించగా నిరసనలు చెలరేగాయి, ప్రతిపాదన ఆగిపోయింది. సంపన్నుడికి ఇరవై రూపాయలు లెక్కలోనివి కావు. నలుగురున్న కూలి కుటుంబం మాత్రం ఎనభై రూపాయలంటే గేటు దగ్గరే వెనుదిరుగుతుంది.

పొరుగున శ్రీలంకలో ఒక స్మరణీయమైన ఉదాహరణ ఉంది. కొలంబో సముద్రపుటొడ్డున గాల్ ఫేస్ విహార పథాన్ని 1859లో పూర్తి చేయించిన గవర్నర్ సర్ హెన్రీ వార్డ్, కొలంబో స్త్రీల, బాలల ప్రయోజనార్థం దానిని కాపాడవలసిందిగా తన తరువాతి పాలకులకు శిలాఫలకంపై విన్నవించాడు. వలస పాలకుడికి తట్టిన ఈ ఆలోచన ప్రజాస్వామిక ప్రభుత్వాలకు తట్టకపోవడం విచారకరం.

ప్రమాదం ఒడ్డు వైపు నుంచే కాదు, నీటి వైపు నుంచి కూడా ఉంది. 1990 నుంచి 2018 వరకు జరిపిన కేంద్ర ప్రభుత్వ పరిశీలన ప్రకారం దేశ తీరంలో మూడోవంతు కోతకు గురవుతున్నది. ముందు నుంచి కెరటం, వెనుక నుంచి ప్రహరీ జరుగుతూ వస్తే మిగిలే ఇసుక ఎంత? ఖాళీ తీరం వినోదానికే కాక రక్షణకూ అవసరమని 2004 డిసెంబరు 26 నాటి సునామీ నేర్పింది. అదీ ఆదివారం ఉదయమే.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ నిబంధనలు పార్లమెంటు చర్చించి ఓటు వేసిన చట్టాలు కావు. మంత్రిత్వ శాఖ గెజెట్‌లో జారీ చేసే ప్రకటనలు. మార్చడం తేలిక. ముసాయిదా వెలువడినప్పుడు సాధారణంగా 60 రోజుల్లో అభ్యంతరాలు తెలపవచ్చు. నిర్మాణదారుల అర్జీలు సకాలంలోనే ఢిల్లీ చేరతాయి. పిచ్చుక గూడు కట్టే పిల్లకు అర్జీ రాయడం తెలియదు. వెయ్యి కిలోమీటర్లకు పైగా తీరమున్న ఆంధ్రప్రదేశ్ నుంచి పార్లమెంటుకు వచ్చిన సభ్యులు, ఆ పిల్ల తరఫున మాట్లాడటం తమ విధి అని గుర్తిస్తారా?