గృహహింస చట్టం: రక్షణ ఉత్తర్వు

పరిచయం

ఇంట్లో హింసకు గురవుతున్న స్త్రీకి రెండే దారులున్నాయని చాలామంది అనుకుంటారు: ఓర్చుకోవడం, లేదా భర్తపై క్రిమినల్ కేసు పెట్టడం. 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన 'గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం, 2005' మూడో దారి చూపింది. దీని తొలి లక్ష్యం శిక్షించడం కాదు, హింసను ఆపడం.

1. ఉత్తర్వులో ఏముంటుంది?

సెక్షన్ 18 కింద మేజిస్ట్రేటు ప్రతివాదిని కొన్ని పనులు చేయరాదని ఆదేశిస్తారు. హింసకు పాల్పడటం, ఆమె పనిచేసే చోటికి వెళ్లడం, ఫోనులోనైనా ఆమెతో మాట్లాడటం, స్త్రీధనాన్ని అమ్మేయడం, ఆమెకు సాయపడినవారిపై దౌర్జన్యం చేయడం వంటివాటిని ఇలా నిషేధించవచ్చు. హింస అంటే దెబ్బలే కావని గమనించండి. అవమానించడం, ఇంటి ఖర్చులకు డబ్బివ్వకుండా వేధించడం కూడా ఈ చట్టం దృష్టిలో హింసే. ఆమెను ఇంటి నుంచి గెంటివేయకుండా సెక్షన్ 19 కింద నివాస ఉత్తర్వునూ కోరవచ్చు.

2. ఏ కోర్టుకు వెళ్లాలి?

హిందూపురం నుంచి బెంగళూరుకు కాపురానికి వెళ్లిన ఒక స్త్రీ హింస తాళలేక పుట్టింటికి వచ్చిందనుకుందాం. కేసు కోసం ఆమె మళ్లీ బెంగళూరు వెళ్లనక్కరలేదు. తాత్కాలికంగానైనా ఆమె నివసిస్తున్న చోటి మేజిస్ట్రేటు కోర్టుకు సెక్షన్ 27 అధికారం ఇచ్చింది. అక్కడ ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది.

దరఖాస్తును ఆమె స్వయంగా ఇవ్వవచ్చు. రక్షణాధికారి గానీ, ఆమె తరఫున మరొకరు గానీ ఇవ్వవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. మొదటి విచారణ సాధారణంగా 3 రోజుల్లో జరగాలి. ఆ తేదీ నుంచి 60 రోజుల్లో కేసును ముగించడానికి కోర్టు ప్రయత్నించాలి. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు, ఆమె అఫిడవిట్ ఆధారంగా ప్రతివాది రాకముందే ఏకపక్ష మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు.

3. ఉల్లంఘిస్తే?

ఈ ఉత్తర్వు బలం ఇక్కడే తెలుస్తుంది. ఉల్లంఘన నాన్‌బెయిలబుల్ నేరం. 1 సంవత్సరం వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బాధితురాలి సాక్ష్యం ఒక్కదాని ఆధారంగానే కోర్టు నేరాన్ని నిర్ధారించవచ్చు. అయితే ఉల్లంఘన జరిగిందని ఎవరో ఒకరు పోలీసులకు తెలపాలి. ఉత్తర్వు ప్రతి ఉచితంగా ఇస్తారు. పోలీసు స్టేషనుకూ ఒక ప్రతి వెళ్తుంది. ఆమె తన ప్రతిని భద్రంగా ఉంచుకోవాలి. అత్యవసరమైతే 112కు, మహిళా సహాయానికి 181కు ఫోను చేయవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ధర్మవరంలో మగ్గం పనిచేసే ఒక స్త్రీ రక్షణ ఉత్తర్వు పొందింది. ఆమె భర్త మగ్గం దగ్గరికి రావడం లేదు గానీ, రోజూ ఫోనులో బెదిరిస్తున్నాడు. ఇది ఉల్లంఘన అవునో కాదో చెప్పడానికి ఉత్తర్వులో ఏ అంశాలు చూస్తారు? 5 వాక్యాల్లో రాయండి.