మీకు తెలుసా? తిమింగలం బొడిపెలు గాలిమరకు పనికొచ్చాయి!

హంప్‌బ్యాక్ తిమింగలం ఈతరెక్క ముందంచున ఉండే బొడిపెలు, ఆ రెక్క పట్టు తప్పి ‘స్టాల్’ అయ్యే కోణాన్ని దాదాపు 40 శాతం పెంచుతాయి. 2004లో ప్రచురితమైన విండ్ టన్నెల్ పరీక్షల్లో, నమూనా రెక్కల మీద తేలిన సంగతి ఇది. బొడిపెల మధ్య పల్లాల్లో పుట్టే చిన్న చిన్న సుడులు గాలిని రెక్క ఉపరితలం నుంచి త్వరగా విడిపోనివ్వవు. దీనికి మోటారు అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు, ఆకారం ఒక్కటే చాలు. కెనడాకు చెందిన వేల్‌పవర్ సంస్థ ఇలాంటి అంచుతోనే గాలిమర బ్లేడ్లు చేసి పరీక్షించింది.

ఇదంతా మొదలైంది మాత్రం బోస్టన్‌లోని ఒక దుకాణంలో. అక్కడి తిమింగలం శిల్పాన్ని చూసిన జీవశాస్త్రవేత్త ఫ్రాంక్ ఫిష్, శిల్పి బొడిపెల్ని తప్పు అంచున పెట్టాడనుకున్నారు. శిల్పి మాత్రం సరిగ్గానే పెట్టాడు!