దసరా శుభాకాంక్షలు సరే... ఓటు ఎటేశారు సారూ?

2014 ఫిబ్రవరి 18న తెలంగాణ బిల్లుకు మన ఎంపీ ఓటేశాడా? నస్రుల్లాబాద్‌లో ఏ చాయ్ హోటల్లో ఈ మాట అడిగినా నవ్వుతారు. ‘ఏయకుంటే ఊకుంటుమా’ అంటారు. న్యాయమే. అప్పటి జహీరాబాద్ ఎంపీ సురేశ్ షెట్కార్ తెలంగాణ కాంగ్రెస్ ఎంపీల్లో ఒకరు. ఆయన ఎటువైపో అప్పట్లో ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆ రోజు సభలో ఆయన ఓటు ఎటు పడిందో కాగితం మీద చూపించమంటే మాత్రం ఎవరివల్లా కాదు. లోక్‌సభ రికార్డులు తిరగేసినా దొరకదు.

ఎందుకంటే ఆ బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. అయిదు రోజుల ముందే సభలో ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. 18న బిల్లు చర్చకు వచ్చిన వేళ లోక్‌సభ టీవీ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. అరుపుల మధ్యే స్పీకర్ మీరా కుమార్ బిల్లు ఆమోదం పొందినట్టు ప్రకటించారు. రెండు రోజులకు రాజ్యసభలోనూ అదే పద్ధతి. తెలుగువాళ్ల రాజకీయాల్లో ఇంతకంటే పెద్ద ఓటు మన కాలంలో పడలేదు. అలాంటి ఓటుకే పేర్ల పట్టిక లేదు!

పదేళ్ల తర్వాత అదే షెట్కార్ మళ్లీ జహీరాబాద్ ఎంపీ అయ్యారు. 2024లో బీబీ పాటిల్‌పై 46,188 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. పాటిల్ 2014లో, 2019లో తెరాస గుర్తుపై గెలిచినవారు. రెండోసారి ఆధిక్యం 6,229 మాత్రమే. 2024 మార్చి 1న బీజేపీలో చేరి, ఆ పార్టీ తరఫునే పోటీ చేశారు. అంటే 2009లో నియోజకవర్గం తొలి ఎన్నిక చూసినప్పటి నుంచి ఇక్కడివాళ్లు ఢిల్లీకి పంపింది ఈ ఇద్దరినే. ఆ ఇద్దరూ ఢిల్లీలో ఏమన్నారో జనానికి కాస్తోకూస్తో తెలుసు. ఏ బిల్లుకు చేయెత్తారో తెలియదు.

సానుకూలంగా స్పందించిన మంత్రిగారు

బాన్సువాడ నుంచి వర్ని మీదుగా బోధన్ వైపు వెళ్లే దారిలో ఉంటుంది నస్రుల్లాబాద్. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లాతో పాటే మండలమైంది. అంతకుముందు బీర్కూర్ మండలం కింద ఉండేది. నిజాంసాగర్ కాలువ నీళ్లు, రెండు పంటల వరి. కొనుగోలు కేంద్రం, తేమ శాతం, తాలు పేరిట కోత... ఇక్కడి మాటలన్నీ వడ్ల చుట్టూనే తిరుగుతాయి. ఆ వడ్ల మద్దతు ధర నిర్ణయించేది ఢిల్లీలో. ఎరువుల సబ్సిడీ అక్కడిదే. ఉపాధి హామీకి చట్టం చేసిందీ అక్కడే. కాబట్టి ఎంపీ ఓటుకూ, ఇక్కడి కల్లానికీ సంబంధం లేదనడానికి లేదు.

కానీ ఆయన ఓటు గురించి ఊరికి చేరే కబురేమిటి? పండక్కి వచ్చే వాట్సాప్ బొమ్మ చూడండి. పైన జాతీయ నాయకులు వరసగా, మధ్యలో చేతులు జోడించిన ఎంపీ, కింద తమలపాకంత గళ్లలో మండల నాయకులు. ఉగాది, రంజాన్, బోనాలు, దసరా. బొమ్మ అదే, రంగు మారుతుంది. అది కాకపోతే ఢిల్లీ ఫొటో: శాలువా, బొకే, చేతిలో కాగితం. కింద రెండే వాక్యాలు. ‘కేంద్ర మంత్రిని కలిసి వినతిపత్రం సమర్పించారు. మంత్రి సానుకూలంగా స్పందించారు.’ ఏ పార్టీ ఎంపీ అయినా, ఏ మంత్రి అయినా ఈ రెండో వాక్యం మారదు. ప్రతికూలంగా స్పందించిన కేంద్ర మంత్రి ఇంతవరకూ ఏ ప్రెస్ నోట్‌లోనూ తగల్లేదు.

బోధన్–బీదర్ రైలు మార్గాన్నే తీసుకోండి. నిజామాబాద్ వైపు నుంచి వచ్చే పట్టాలు బోధన్‌తో ఆగిపోతాయి. వాటిని బాన్సువాడ మీదుగా బీదర్ దాకా పొడిగించాలన్నది దశాబ్దాల కోరిక. సర్వే మాట వింటూనే ఉన్నాం. ఎన్నికల హామీల్లో ఉంటుంది, వినతిపత్రాల్లో ఉంటుంది, మంత్రుల సానుకూలతలోనూ ఉంటుంది. రైలు మాత్రం బోధన్ దాటలేదు.

వినతిపత్రాలు దండగని కాదు. కానీ వాటికంటే గట్టి దారి సభలో ప్రశ్న వేయడం. లోక్‌సభలో ప్రశ్నోత్తరాల జాబితాలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 దాకా లిఖితపూర్వక జవాబుల ప్రశ్నలు ఉంటాయి. ఒక ఎంపీ అడిగిన ప్రశ్నకు మంత్రి రాతపూర్వకంగా జవాబిచ్చాడంటే అది ప్రభుత్వాన్ని పట్టి నిలదీయడానికి పనికొచ్చే కాగితం. ఆ జవాబు పూర్తి పాఠాన్ని నియోజకవర్గం వాట్సాప్ గ్రూపులో పెట్టే ఎంపీలు ఎందరు?

మూడున్నర నిమిషాల గంట

ఓటింగ్ ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. చర్చ ముగిశాక స్పీకర్ బిల్లును సభ ముందు పెడతారు. అనుకూలురు ‘హా’ అంటారు, వ్యతిరేకులు ‘నా’ అంటారు. ఏ గొంతు గట్టిగా వినిపిస్తే అటు తీర్పు. ఇదే మూజువాణి. లోక్‌సభలో మామూలు బిల్లులు చాలావరకు ఇలాగే వెళ్లిపోతాయి.

ఎవరైనా సభ్యుడు ఒప్పుకోక ‘డివిజన్’ కోరితే కథ మారుతుంది. లాబీలు ఖాళీ చేయిస్తారు. గంట మోగుతుంది. క్యాంటీన్లో ఉన్నవాళ్లూ, సెంట్రల్ హాల్లో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లూ పరుగెత్తుకు రావాలి. లోక్‌సభ నిబంధన 367 ప్రకారం మూడున్నర నిమిషాలు గడిచాక స్పీకర్ ప్రశ్నను రెండోసారి సభ ముందు పెడతారు. అప్పుడు సభ్యులు మీట నొక్కాలి. ఆకుపచ్చ అంటే అవును, ఎరుపు అంటే కాదు, పసుపు అంటే తటస్థం. మీట నొక్కడంలో పొరపాటు జరిగితే స్లిప్పు రాసిచ్చి సరిచేసుకోవచ్చు. తర్వాత అచ్చయ్యే సభా కార్యకలాపాల్లో అటు వేసినవారి పేర్లు, ఇటు వేసినవారి పేర్లు అక్షరక్రమంలో వస్తాయి. ఎంపీ ఓటుకు జనం చేతికందే రుజువు ఆ పేజీ ఒక్కటే.

అదే నిబంధనలో ఓ సందు కూడా ఉంది. డివిజన్ అనవసరంగా కోరారని స్పీకర్‌కు అనిపిస్తే సభ్యులను లేచి నిలబడమని, తలలు లెక్కపెట్టి తేల్చేయొచ్చు. అప్పుడు పేర్లు నమోదు కావు.

రాజ్యాంగ సవరణ బిల్లులకు ఈ బెడద లేదు. 368వ అధికరణం ప్రకారం సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి గనుక లెక్క తప్పదు. 2019 జనవరి 8న ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ బిల్లుకు 323 మంది అనుకూలం, ముగ్గురు వ్యతిరేకం. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. రెండుసార్లూ ‘కాదు’ అన్న జాబితాలో ఉన్న పేరు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీది. మహిళా బిల్లులో బీసీ, ముస్లిం మహిళలకు కోటా లేదని ఆయన బయట చెప్పారు, లోపలా అదే నొక్కారు. ఆయన రాజకీయం మనకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. మాట ఇది, ఓటు ఇది అని పక్కపక్కన పెట్టి చూసుకోగలిగిన తెలుగు నేల ఎంపీలు అరుదు. 2019 జులైలో ఎన్ఐఏ సవరణ బిల్లుపై డివిజన్ పట్టుబట్టిందీ ఆయనే. ఫలితం 278–6. ఓడిపోతానని తెలిసి కూడా లెక్క అడగడమెందుకంటారా? పేర్లు రికార్డు కావడం కోసం.

సాగు చట్టాల విషయంలో ఆ పేర్లే లేకుండా పోయాయి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో ప్రతిపక్షాలు డివిజన్ కోరాయి. అధ్యక్ష స్థానంలో ఉన్న ఉపసభాపతి హరివంశ్ మూజువాణితోనే బిల్లులను గట్టెక్కించారు. మర్నాడు ఎనిమిది మంది సభ్యులు సస్పెండయ్యారు. తెరాస ఆ బిల్లులను వ్యతిరేకించింది. ఏడాది పైగా రైతులు ఢిల్లీ పొలిమేరల్లో కూర్చున్నాక 2021 నవంబరు 29న ఆ చట్టాల రద్దు బిల్లు చర్చ లేకుండానే ఉభయ సభలూ దాటేసింది. వడ్లు పండించే ఊరికి ఇంతకంటే దగ్గరి బిల్లు ఏముంటుంది? తెచ్చినప్పుడు ఎవరు అటు, ఎవరు ఇటు అన్న లెక్క లేదు. తీసేసినప్పుడు ఎందుకన్న మాట లేదు.

సభకు రాకపోవడమూ ఓటే. 2019 జులై 30న ట్రిపుల్ తలాక్ బిల్లు రాజ్యసభలో 99–84తో నెగ్గింది. ఆ రోజు ఓటింగ్‌లో తెరాస, తెదేపా సభ్యులు లేరు. మైనారిటీ ఓట్లు గణనీయంగా ఉన్న ఊళ్లకు ఆ ఖాళీ కుర్చీల కబురు ఏ ప్రెస్ నోట్‌లో వచ్చింది?

విప్ చేతిలో మీట

ఇక్కడో ఎదురు ప్రశ్న రావాలి. ఓటు రికార్డయితే మాత్రం అది ఎంపీదా, పార్టీదా? 1985లో తెచ్చిన రాజ్యాంగ పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో చెప్పే ఆదేశాన్ని, కాదని ఓటేసినా, ఓటేయకుండా కూర్చున్నా, పదిహేను రోజుల్లో పార్టీ క్షమించకపోతే సభ్యత్వం పోవచ్చు. ప్రభుత్వాన్ని కూల్చే ఓటుకే కాదు, ఏ చిన్న బిల్లుకైనా ఇదే కత్తి. విశ్వాస పరీక్షలు, ద్రవ్య బిల్లుల వంటివాటికి మాత్రమే విప్ పరిమితం చేయాలని కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ ప్రైవేటు బిల్లులు పెడుతూనే ఉన్నారు. అవి ముందుకు కదల్లేదు.

విచిత్రమేమిటంటే ఫిరాయింపును ఆపడానికి పుట్టిన ఈ చట్టానికి ఓటు దొరికినంత సులువుగా ఫిరాయింపు దొరకదు. 2019 జూన్‌లో తెదేపా రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు ఒకేసారి బీజేపీలో కలిశారు. మూడింట రెండొంతులు గనుక విలీనమన్నారు, చట్టం తల వంచింది. ఒక్కడు వెళ్తే తప్పు, గుంపుగా వెళ్తే ఒప్పు! ఇక బాన్సువాడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. స్థానిక ఎమ్మెల్యే పోచారం శ్రీనివాస్ రెడ్డి భారాస (ఒకప్పటి తెరాస) నుంచి గెలిచి 2024 జూన్‌లో కాంగ్రెస్‌లో చేరారు. ఆయనతో కలిపి పది మంది ఎమ్మెల్యేలపై ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు శాసనసభ స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

విప్ లేని చోట ఏమవుతుందో కూడా మనవాళ్ల కథలే చెబుతాయి. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో విప్ ఉండదు, ఓటు రహస్యం. 1969లో ఇందిరా గాంధీ అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమన్నారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి ఓడి, వీవీ గిరి గెలిచారు. ఇద్దరూ తెలుగువాళ్లే. 2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నికలో తెలంగాణకు చెందిన జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి నిలబడ్డారు. ఆయనకు 300, సీపీ రాధాకృష్ణన్‌కు 452 ఓట్లు వచ్చాయి. 15 ఓట్లు చెల్లలేదు. భారాస ఓటింగ్‌కే దూరంగా ఉంది. ఎవరి మనసు ఎటు పోయిందో ఎప్పటికీ తెలియదు. విప్ ఉంటే ఓటు తెలుస్తుంది, మనసు తెలియదు. విప్ లేకపోతే రెండూ తెలియవు.

అయినా ఓటు లెక్క కావాలనే అంటాను. అమెరికా ప్రతినిధుల సభలోనూ, బ్రిటన్ కామన్స్‌లోనూ రికార్డయిన ప్రతి ఓటూ సభ్యుడి పేరుతో ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పార్టీ చెప్పినట్టే వేసినా సరే, వేసింది నేనే అని సంతకం ఉంటుంది. ఆ సంతకం ఉన్నవాడు ఊరికొచ్చినప్పుడు ‘మా పార్టీ అలా అంది’ అని చేతులు దులుపుకోవడం అంత తేలిక కాదు. మనకూ కొన్ని పేజీలున్నాయి. 2025 ఏప్రిల్ 2 అర్ధరాత్రి దాటాక వక్ఫ్ సవరణ బిల్లుపై లోక్‌సభలో 288–232తో డివిజన్ జరిగింది. తెదేపా అటు, కాంగ్రెస్ ఇటు. పేర్లున్నాయి, వెతికితే దొరుకుతాయి. ప్రశ్నలు, హాజరు, చర్చల లెక్కలు పీఆర్ఎస్ సంస్థ వెబ్‌సైట్‌లో ఎంపీల వారీగా ఉంటాయి. స్మార్ట్‌ఫోన్ చేతిలో ఉన్న డిగ్రీ పిల్లలు ఒక సాయంత్రం కూర్చుంటే తీయగలిగిన వివరాలే ఇవి.

జహీరాబాద్ నియోజకవర్గంలో ఏడు సెగ్మెంట్లు, 16 లక్షలకు పైగా ఓటర్లు. వీళ్లందరి తరఫునా ఢిల్లీలో ఉన్నది ఒక్క మీట. కాబట్టి ఈసారి ఎంపీగారు బాన్సువాడ వచ్చినప్పుడు, శాలువా కప్పే ముందు రెండు మాటలు అడగండి. గడిచిన సమావేశాల్లో ఏ బిల్లుకు ఎటు ఓటేశారు? పేర్లు రికార్డు కావాలని ఎన్నిసార్లు డివిజన్ కోరారు? జవాబు నోటితో వద్దు, కాగితం మీద ఇమ్మనండి. దాన్ని గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించండి.